చేర్చుట వేఱు, నిలుపుట వేఱు

మన పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములలో ఏటేట డిగ్రీ కళాశాలలలో చేరిన బాలబాలికల సంఖ్యను ఎల్లరును సంతోషముతో లెక్కింతురు. సంఘసభలలో వారికి శాలువలు కప్పుదురు. మూడేండ్ల తరువాత వారిలో ఎందఱు పట్టా పుచ్చుకొనిరో లెక్కించువారు మాత్రము అరుదు. నడుమ జారిపోయినవాని పేరు ఏ జాబితాలోను కానరాదు. వాడు చీనీతోటలో కాయలు కోయుచుండును; లేదా బెంగుళూరులో ఏదో దుకాణమున నిలిచియుండును. ఆడపిల్లయైనచో పెండ్లి చేసి పంపివేసియుందురు. ఇది యెవరి లోపము?

“వానికి చదువుమీద శ్రద్ధ లేదు” అనుట మన పెద్దలకు అలవాటైన సమాధానము. కొందఱి విషయమున అది నిజమే కావచ్చును. ఉపాధ్యాయవృత్తిలో నేను చూచినంతవరకు అశ్రద్ధచే మానినవారికంటె చిన్న చిక్కులచే మానినవారే అధికులు. పల్లెలోని పాఠశాలలో పదవ తరగతి వఱకు తెలుగు మాధ్యమమున చదివినవాడు డిగ్రీలో ఒక్కమాఱుగా ఆంగ్లమున పాఠము వినవలసివచ్చును. 2021-22 విద్యాసంవత్సరము నుండి మన రాష్ట్రమున డిగ్రీ తరగతులన్నియు ఆంగ్ల మాధ్యమమునకు మారినవి. మొదటి సెమిస్టరులో రెండు పాఠ్యాంశములు తప్పును. సిగ్గుచే ఇంట చెప్పడు. తప్పినవానికి మరల ఫీజు కట్టవలెను. ఆ యేడు వానలు లేక వేరుసెనగ పండలేదు. తండ్రి తోటకు రమ్మనును. ఇన్నిటిలో ఏ యొక్కటియు పెద్ద ఆపద కాదు. అన్నియు ఒక్క నెలలో కూడినచో చదువు ముగిసినట్లే.

ప్రభుత్వము చేయుచున్నది తక్కువ కాదు. బోధనా రుసుము ప్రభుత్వమే చెల్లించు పద్ధతి మన రాష్ట్రమున అనేక సంవత్సరములుగా ఉన్నది. 2020లో ప్రారంభించిన వసతి సహాయమున డిగ్రీ విద్యార్థికి ఏటికి 20,000 రూపాయలు, పాలిటెక్నిక్ విద్యార్థికి 15,000, ఐ.టి.ఐ. విద్యార్థికి 10,000 చొప్పున నిర్ణయించిరి. పథకముల పేర్లు ప్రభుత్వములతో మారుచుండును. అది మనకు ముఖ్యము కాదు. 2025 ఆగస్టు 15 నుండి స్త్రీలకు ఆర్.టి.సి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితమైనది. ఆడపిల్ల చదువునకు ఇది మేలైన ఊత. అయినను ఖజానా నుండి రావలసిన సొమ్ము ఆలస్యమైనప్పుడు బాకీ తీరువఱకు హాల్‌టికెట్టు ఈయమనియో, ధ్రువపత్రములు ఈయమనియో పలుకు కళాశాలలు కలవు. ఆ గడువులోపల నాలుగైదు వేల రూపాయలు చేబదులు ఈయగల హస్తము దగ్గఱ లేకున్నచో, ఏండ్ల తరబడి ప్రభుత్వము పెట్టిన సొమ్ము కూడ వృథాయే.

ఇచ్చట మన ధర్మము మాట వచ్చును. శరణులు దానమని యనక దాసోహమనిరి. దానమున ఇచ్చువాడు పైనుండును, పుచ్చుకొనువాడు క్రిందనుండును. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. కావున కృతజ్ఞత కోరు హక్కు వానికి లేదు. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల గాథ మనకందఱకు తెలిసినదే. బసవణ్ణ ప్రాంగణమున రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినందుకు లక్కమ్మ అవి తిరిగి పోసి రమ్మన్నదట. ఈ గాథను మనము మితవ్యయమునకు ఉదాహరణముగా చెప్పుచుందుము. నాకు దానియందు పేదయింటి అభిమానము కానవచ్చును. అట్టి యింటి పిల్లవాడు వేదికపై చేయి చాచడు. సభలో పేరు పిలిచి, ఛాయాచిత్రము తీసి, వేయి రూపాయల కవరు ఈయగోరువారు ఈ సంగతి తలంపవలెను. అడుగకమునుపే, నలుగురు చూడకుండ చేరిన సహాయమే వానిని నిలుపును.

మఱియొక చిక్కు ప్రశ్న. ఎవరికి ఈయవలెను? మన సంఘములు నూటికి తొంబది మార్కులు వచ్చినవారిని వెదకి బహుమానములిచ్చును. ఆ పిల్లలు బహుమానము లేకున్నను ఉత్తీర్ణులగుదురు. రెండు పాఠ్యాంశములు తప్పినవానికి ఇచ్చినచో సోమరితనమును ప్రోత్సహించినట్లగునని ఆక్షేపింతురు. ఈ ఆక్షేపణ కొట్టివేయదగినది కాదు. కాయకము లేనివానికి ప్రసాదము లేదని నమ్మినవారము మనము. కాని విద్యార్థికి కాయకమేది? తరగతికి పోవుట, తప్పిన పరీక్షకు మరల కూర్చుండుట. ఇంతవఱకు షరతు పెట్టుట న్యాయము. ర్యాంకును షరతుగా పెట్టుట మాత్రము పంట పండిన చేనికే నీరు పెట్టుట వంటిది.

షరతుతో కూడిన ఆదరణ ఫలించునని చెప్పుటకు దూరదేశపు నిదర్శనమొకటి కలదు. అమెరికాలో న్యూయార్కు నగర విశ్వవిద్యాలయము తన రెండేండ్ల కళాశాలలలో 2007లో ఒక ఏర్పాటు చేసెను. పూర్తికాలము చదువవలెనను నియమముపై విద్యార్థులకు మిగిలిన ఫీజు, రైలు బస్సుల పాసు, పుస్తకములు ఇచ్చి, ప్రతివానికి ఒక సలహాదారుని నియమించిరి. ఆయన తఱచుగా పిలిచి మాటలాడవలెను. చదువులో కొంత వెనుకబడిన పేద విద్యార్థులను చీట్లు తీసినట్లు రెండు వర్గములుగా విభజించి పరిశీలింపగా, మూడేండ్లలో పట్టా పొందినవారు ఈ ఆదరణ గలవారిలో నూటికి 40 మంది, లేనివారిలో 22 మంది అని 2015లో ప్రకటితమైనది. బస్సుపాసును, పలుకరింపును మనము చిన్నవిగా చూచుట ఎంత తప్పో దీనివలన తెలియును.

మనకంత దూరము పోనక్కఱలేదు. తుమకూరు సిద్ధగంగా మఠమున 2019 జనవరి 21న లింగైక్యులైన శ్రీ శివకుమార స్వాములవారు వేలాది బాలురకు కులమతములడుగక అన్నము, ఆశ్రయము, అక్షరము సమకూర్చిరి. మన చిన్న మఠములకు అంత శక్తి లేదనుట నిజమే. అయినను వర్షమున మూడువంతులు తాళము వేసియుండు గదులు మన ఊళ్ల మఠములలో లేవా? పల్లె నుండి వచ్చు నలుగురు పిల్లలకు పరీక్షల నెలలోనైన అవి ఈయరాదా? మన వారికి మాత్రమే ఈయవలెనా అని కొందఱు తర్కింతురు. మన వారితో మొదలిడుటలో దోషము లేదు. గుమ్మము వద్ద కులమడుగుట మాత్రము మఠమునకు తగదు.

ధనముకంటె ముందు కావలసినది ఒక నోటుపుస్తకము, విశ్రాంతి పొందిన ఒక ఉపాధ్యాయుడు. చేరిన ప్రతి విద్యార్థి పేరు అందు వ్రాయవలెను. నెలకొకమాఱు హాజరు ఎంత, ఏ పాఠము తప్పెను, స్కాలర్‌షిప్పు వచ్చెనా, పరీక్ష ఫీజు కట్టెనా అని స్వయముగా అడిగి గుర్తు పెట్టవలెను. హాజరు నూటికి డెబ్బదియైదు తగ్గినచో ప్రభుత్వ సహాయమే నిలిచిపోవును గావున ఆ గడిని తొలుత చూడవలెను. ఫీజు గడువునకు పది దినములు ముందుగా ఏ పేరు ఎదుట గుర్తు లేదో, ఆ సాయంకాలమే ఆ యింటికి పోవలెను.