నెప్ట్యూన్ దొరికింది, వల్కన్ దొరకలేదు

జీవపరిణామం గురించి మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు, "అది సిద్ధాంతమే కదండీ, నిజంగా రుజువై ఉంటే ఈపాటికి నియమం అయ్యేది" అంటారు. విన్న ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. పరికల్పన పాసై సిద్ధాంతం అవుతుందని, సిద్ధాంతం పాసై నియమం అవుతుందని, బడిలో పిల్లలు పై తరగతికి వెళ్ళినట్టు ఒక వరస ఉందని మనలో చాలామంది నమ్ముతారు. అలాంటి వరసేమీ లేదు. ఏం జరుగుతుందో నియమం చెబుతుంది, చాలాసార్లు లెక్క రూపంలో. అలా ఎందుకు జరుగుతుందో సిద్ధాంతం చెబుతుంది. ఎన్నేళ్ళు గడిచినా, ఎన్ని రుజువులు చేరినా ఒకటి రెండోదిగా మారదు.

న్యూటన్ సంగతే చూడండి. రెండు వస్తువుల మధ్య ఆకర్షణ ద్రవ్యరాశులను బట్టి పెరుగుతుందని, దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుందని 1687లో చెప్పాడు. మధ్యలో ఏమీ లేని శూన్యంలోంచి సూర్యుడు భూమిని ఎలా లాగుతున్నాడు? ఆ కారణం గురించి ఊహలు అల్లనని తన గ్రంథం 1713 నాటి రెండో ముద్రణలో తేల్చేశాడు. వెనక సిద్ధాంతం లేని ఆ నియమమే రెండు శతాబ్దాలకు పైగా గ్రహాల దారులు చెప్పింది.

ఒక్క యురేనస్ మాత్రం లెక్కకు లొంగలేదు. నియమం తప్పా, లేక మనకు కనబడనిది ఏదైనా దాన్ని లాగుతోందా? ఫ్రెంచి గణితవేత్త లెవెరియే రెండోదే అనుకున్నాడు. అది పరికల్పన. కనబడని ఆ గ్రహం ఎక్కడ ఉండాలో లెక్కగట్టి బెర్లిన్‌కు ఉత్తరం రాశాడు. 1846 సెప్టెంబర్ 23 రాత్రి అక్కడి ఖగోళవేత్త గాలే దూరదర్శిని తిప్పితే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ కనిపించింది. మనిషి కాగితం మీద ఇంతకన్నా గొప్ప పని చేశాడా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

తర్వాత బుధుడి వంతు. బుధుడు సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే బిందువు మెల్లగా ముందుకు జరుగుతుంటుంది. మిగతా గ్రహాల లాగుడంతా కలుపుకున్నా ఇంకా కొంత కదలిక మిగిలిపోతోందని 1859లో లెవెరియేనే పట్టుకున్నాడు. ఎంత? తర్వాత సరిదిద్దిన లెక్క ప్రకారం నూరేళ్ళకు 43 ఆర్క్ సెకన్లు. ఒక డిగ్రీలో 3600 ఆర్క్ సెకన్లుంటాయి. అంత చిన్న తేడాను వదిలెయ్యకపోవడంలోనే ఆయన నిజాయితీ ఉంది. మళ్ళీ అదే దారి పట్టాడు: బుధుడికీ సూర్యుడికీ నడుమ ఇంకో గ్రహం ఉండాలి. వల్కన్ అని పేరు కూడా పెట్టారు. సూర్యబింబం మీదుగా చుక్క ఒకటి దాటడం చూశానని ఒక పల్లెటూరి వైద్యుడు చెబితే, లెవెరియే స్వయంగా వెళ్ళి విచారించి నమ్మాడు. గ్రహణాలప్పుడు వెతికారు. లేదు. ఉందనే నమ్మకంతోనే లెవెరియే 1877లో కన్నుమూశాడు. ఆ రోజు కూడా సెప్టెంబర్ 23.

నన్ను వదలనిది ఇదే. అదే బుర్ర, అదే గణితం, అదే తీరు ఊహ. ఒకటి నిజమైంది, ఒకటి కాలేదు. ఊహలో లోపం వెతికితే దొరకదు. ఆకాశం ఒకదానికి ఔనంది, ఒకదానికి కాదంది.

1915 నవంబర్‌లో ఐన్‌స్టీన్ కొత్త గ్రహమేదీ కలపకుండా ఆ 43 రాబట్టాడు. ద్రవ్యరాశి ఉన్నచోట స్థలకాలమే వంగుతుందన్నాడు. న్యూటన్ వద్దనుకున్న "ఎందుకు"కి జవాబు అది, అంటే సిద్ధాంతం. ఆనందంతో కొన్నాళ్ళు ఒళ్ళు తెలియలేదని మిత్రుడికి రాసుకున్నాడు. పాత నియమం చచ్చిపోలేదు, దాని ఎల్లలు తెలిశాయి. శ్రీహరికోట నుంచి లేచే రాకెట్ దారికి నేటికీ ప్రధానంగా న్యూటన్ లెక్కే ఆధారం. మన ఫోన్లకు దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు మాత్రం రోజుకు దాదాపు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. ఐన్‌స్టీన్ చెప్పినట్టు సరిచెయ్యకపోతే దారి తప్పుతాం. నూరేళ్ళుగా ఇన్ని పరీక్షలకు నిలిచిన దాన్ని "సిద్ధాంతమే కదా" అనడానికి నాకు నోరు రాదు.

ఇప్పుడు మళ్ళీ అదే ప్రశ్న. గెలాక్సీల అంచున నక్షత్రాలు ఉండాల్సిన దానికన్నా వేగంగా తిరుగుతున్నాయి. కనబడని పదార్థం ఉందని ఎక్కువమంది అంటారు. గురుత్వ నియమాన్నే మార్చాలని 1983లో మిల్‌గ్రమ్ అనే భౌతికవేత్త అన్నాడు. గెలాక్సీ సమూహాలు కాంతిని వంచే తీరు చూసి నేను మొదటి పక్షానికే మొగ్గుతాను. కానీ ఆ పదార్థపు కణం ఒక్కటీ ఇంతవరకూ ఏ పరికరానికీ చిక్కలేదు. నెప్ట్యూన్ కోసం వెతుకుతున్నామో వల్కన్ కోసం వెతుకుతున్నామో చెప్పగలవాళ్ళు ఇవాళ ఎవరూ లేరు.