ఒక్క అణువు బలం: ప్రత్యక్షమా, అనుమానమా?

కంటికి అందని వస్తువు ఉందని ఏ ప్రమాణంతో చెప్పాలి? తెలుగు నైయాయికుడు అన్నంభట్టు 17వ శతాబ్దంలో తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో ఈ విచారణను ఎండపొడ నుంచి మొదలుపెడతాడు. ఏ పెంకుటింట్లోనైనా పొద్దున కప్పు సందులోంచి దిగే ఎండలో నలుసులు తేలుతుంటాయి. అంతకన్నా చిన్నది కంటికి కనిపించదు. కనిపిస్తోంది కాబట్టి కుండలాగే నలుసుకూ అవయవాలు (భాగాలు) ఉండాలి, వాటికీ అవయవాలుండాలి. ఆ విభజన ఆగేచోటు పరమాణువు. అది అనుమానం (గుర్తును బట్టి తెలుసుకోవడం) వల్లనే తెలుస్తుంది.

ఇదే ప్రశ్న నేడు లేజర్ కాంతితో సూక్ష్మకణాలను పట్టే కాంతి పట్టకారు (ఆప్టికల్ ట్వీజర్స్) దగ్గర ఎదురవుతుంది. ఆర్థర్ ఆష్కిన్ 1970లో లేజర్ కాంతితో సూక్ష్మగోళాలను నెట్టాడు. 1986లో సహచరులతో కలిసి ఒకే లేజర్ పుంజంతో కణాన్ని పట్టి నిలిపాడు. 2018లో నోబెల్ అందుకున్నాడు. కాంతిని కూడా కలుపుకున్న తేజస్సుకు గురుత్వం (బరువు) లేదని న్యాయానికి తోడు దర్శనమైన వైశేషికం చెబుతుంది. అయితే నెట్టడానికి బరువే అక్కర్లేదు, వేగమున్న ద్రవ్యం తగిలినా చాలు. ఆధునిక భౌతికశాస్త్రంలోనూ కాంతికి నిశ్చల ద్రవ్యరాశి లేదు, ద్రవ్యవేగం ఉంది. ప్రాచీనులకు కాంతి ఒత్తిడి తెలుసనడానికి మాత్రం ఈ పోలిక ఆధారం కాదు.

ధ్రువిత కాంతి మెలి కూడా తిప్పగలదు. రిచర్డ్ బెత్ 1936లో దాన్ని కొలిచాడు. 2004లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో లా పోర్టా, మిషెల్ వాంగ్ క్వార్ట్జ్ రేణువును కాంతితో తిప్పుతూ, దాని మీద పడే మెలిబలాన్ని కూడా కాంతితోనే కొలిచారు.

ఒక్క అణువు బలాన్ని కొలిచే కాంతి పట్టకారు ప్రయోగంలో డీఎన్ఏ ఒక కొస గాజుపలకకు, మరో కొస పూసకు అతికి ఉంటుంది. కనిపించేది పూస ఒక్కటే. అది కాంతి కేంద్రం నుంచి జరిగిన దూరాన్ని పట్టు బిగువుతో గుణిస్తే బలం వస్తుంది. ఆ జరుగుబాటే లింగం, అంటే అనుమానానికి ఆధారమైన గుర్తు. నీటి వేడికి పూస పడే వణుకును కొలిచి పట్టు బిగువును ముందే తేల్చుకోవడం వ్యాప్తిని, అంటే గుర్తుకూ తెలుసుకోవలసినదానికీ ఉన్న తప్పని సంబంధాన్ని, నిశ్చయించుకోవడం.

ఈ పరికరాన్ని కళ్లద్దాల వంటి సాయంగా ఎంచి ఈ కొలతను ప్రత్యక్షమే అనవచ్చు. కానీ కళ్లద్దాలలో చూడదలచిన వస్తువు రూపమే కంటికి చేరుతుంది, ఇక్కడ చేరేది పూస రూపం. పైగా పూసకు రెండు డీఎన్ఏలు అతికి ఉంటే హేతువు (ఆ గుర్తు) చెడుతుంది. అందుకే లాగి చూస్తారు. జంటపోగు డీఎన్ఏ ఒక్కటే ఉంటే సుమారు 65 పికోన్యూటన్ల దగ్గర ఉన్నట్టుండి 1.7 రెట్లు సాగుతుంది, రెండుంటే దాదాపు రెట్టింపు బలం కావాలి. అంటే అణువు ‘ఒక్కటే’ అన్న నిర్ణయం కూడా అనుమానమే. దాని బలం ఎంతన్న లెక్క ఈ నిర్ణయం మీదే నిలుస్తుంది.