జెండా పడుకోబెట్టాక

గచ్చిబౌలిలోని ఆ రెస్టారెంటు శనివారం రాత్రి పెళ్లిల్లులా ఉంది. ఒక మూల పుట్టినరోజు పాట, చప్పట్లు. ఇంకో మూల ఏదో ఆఫీసు వాళ్ల నవ్వులు. మధ్యలో చువ్వలు పట్టుకుని పరుగులాంటి నడకతో కుర్రాళ్లు. ఒకతను మా బల్ల నడుమ ఉన్న గుంటలోకి నిప్పుల పెట్టె దించి, పైన కమ్మీలు సర్ది, పక్కన చిన్న జెండా నిలబెట్టి వెళ్లాడు. నల్గొండ దగ్గరి మా ఊరి నుంచి వచ్చిన అమ్మ ఆ జెండాను చేతిలోకి తీసుకుని చూసింది.

"ఇదెందుకు బిడ్డా?"

"అది నిలబడ్డంత సేపు తెస్తనే ఉంటరమ్మా. ఇగ వద్దనుకుంటే పడుకోబెట్టాలె."

"అంటే సాలని మనమే జెప్పాలె. వాళ్లు అడగరు" అంది అమ్మ.

ఆ మాట ఆ పూటంతా నన్ను వదల్లేదు.

పెట్టెలోని బొగ్గులకు మంట లేదు. పైన బూడిద తెల్లటి పొరలా కమ్ముకుంది, లోపల ఎరుపు మెల్లగా ఊపిరి తీస్తోంది. నివురుగప్పిన నిప్పు అంటే మనకు దాగిన కోపమో, రాబోయే గొడవో గుర్తొస్తుంది. కాల్చేవాళ్లకు మాత్రం కావలసింది ఆ నిప్పే. మంట ఎగసేటప్పుడు పెడితే ముక్క పైన మాడిపోతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. నివురు పట్టాక వేడి నిలకడగా, అంతటా సమంగా తగులుతుంది. దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ దాటాక మాంసంలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి ముక్కకు ఆ గోధుమరంగునూ కమ్మటి వాసననూ ఇస్తాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మయార్ పేరే ఆ మార్పుకు పెట్టారు. కొవ్వు చుక్క నిప్పు మీద పడి చుయ్‌మన్నప్పుడు లేచే పొగ మిగతా రుచిని తెస్తుంది.

దక్షిణాఫ్రికాలోని వండర్‌వెర్క్ గుహలో పది లక్షల ఏళ్ల కిందటి బూడిద దొరికింది. మనుషులు నిప్పు చుట్టూ చేరడం అంత పాతది. ముంబయిలో 2006లో మొదలైన బార్బెక్యూ నేషన్ లాంటి రెస్టారెంట్లు ఆ నిప్పును మన నగరాల్లో బల్ల మీదికే తెచ్చాయి. అమ్మకు మాత్రం అది కొత్తగా అనిపించలేదు. "మన ఊసబియ్యం లెక్కనే ఉన్నది" అంది. జొన్నకంకి గింజ పాలు పోసుకుని ఇంకా లేతగా ఉన్నప్పుడు, చేను గట్టున నిప్పుల మీద కాల్చి, చెయ్యి కాలుతుంటేనే అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊది నోట్లో వేసుకోవడం. "ఎన్ని తినాలెనో ఎవ్వరు జెప్పకపోయేది. అరచేతులు మంట పుట్టంగనే ఆపేటోళ్లం."

అక్కడ శ్రమే హద్దు గీసేది. ఇక్కడ శ్రమ మరొకరిది, హద్దు మనమే గీసుకోవాలి.

అది ఎంత కష్టమో అరగంటలో తెలిసింది. తలకింత అని ధర ముందే కట్టాం, ఎంత తిన్నా అంతే. మా పళ్లేలు మాకు తెలియకుండానే లెక్కల పుస్తకాలైపోయాయి. "రొయ్యలు మళ్లీ తెప్పించు, ఖరీదైనవి అవే." "బిర్యానీ జోలికి పోకు, కడుపు నిండిపోతుంది." ఇలా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆకలి ఎప్పుడో లేచి వెళ్లిపోయింది, దాని కుర్చీలో గిట్టుబాటు వచ్చి కూర్చుంది. నిమ్మరసం పిండిన చేప ముక్క మొదటిసారి నోట్లో కరిగినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. నాలుగోసారి దాని రుచి నాకు గుర్తే లేదు.

మన పంక్తి భోజనాల్లోనూ వడ్డించేవాళ్లు ఆగమంటే ఆగరు. కొసరి కొసరి వేస్తారు. తినేవాళ్లు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతారు. ఆ కొసరులో ప్రేమ ఉంటుంది, ఆ అడ్డులో మర్యాద ఉంటుంది. ఇద్దరి మధ్యా డబ్బు ఉండదు. కడుపులో సగం అన్నానికి, పావు భాగం ద్రవాలకు ఇచ్చి, మిగిలిన పావు గాలికి వదలమన్నాడు అష్టాంగహృదయంలో వాగ్భటుడు. నిండిన సంగతి మెదడుకు చేరడానికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుందంటారు వైద్యులు. ఆ కబురు వచ్చేదాకా ఆగేవాడికే ఖాళీ ఉంచుకోవడం కుదురుతుంది.

మేం ఇంకా తెప్పిస్తుండగానే అమ్మ చెయ్యి చాచి జెండాను పడుకోబెట్టింది. ఎవరి మీదా విసుగు లేదు. "సాలు" అంది, అంతే.

మా ఊళ్లో సాలంటే నాగటి గీత కూడా. సాలు తోలేవాడు ఎద్దులు కూలబడేదాకా తోలడు. గట్టు కనబడగానే మలుపుతాడు. ఆ మలుపు చూసి ఇతనికి భూమి మీద ఆశ లేదని ఎవరూ అనుకోరు. రేపు మళ్లీ దున్నాలి గనుకనే మలుపుతాడు. చాలు అనడం జీవితం మీద అనాసక్తి అని చాలా కాలం అనుకున్నాను. అందినదాన్ని పూర్తిగా రుచి చూసినవాళ్లే ఆ మాట హాయిగా అనగలరని ఆ రాత్రి అర్థమైంది.

చువ్వల రాక ఆగిపోయాక మా మధ్య మాటలు మొదలయ్యాయి. చేతులు ఊరికే ఉన్నాయి, ముఖాలు నిప్పుల వైపు తిరిగి ఉన్నాయి. తమ్ముడు ఏడాదిగా దాచుకున్న ఉద్యోగం బెంగ బయటపెట్టాడు. అమ్మ ఊసబియ్యం నాటి స్నేహితురాళ్ల గురించి చెప్పింది. చుట్టూ హోరు అలాగే ఉంది, మా బల్ల దగ్గర మాత్రం ఒకరి మాట ఒకరికి వినబడింది.

ముప్పావుగంట గడిచాక మా చిన్నోడు, "నానమ్మా, ఒక్క పైనాపిల్ ముక్క" అన్నాడు. అమ్మ నవ్వి, జెండాను మళ్లీ నిలబెట్టింది. కారం, పంచదార పూసి కాల్చిన ముక్క వచ్చింది. వాడు సగం కొరికి మిగతా సగం ఆమె నోటికి అందించాడు. ఆమె కళ్లు మూసుకుని నమిలింది. తరువాత జెండాను నెమ్మదిగా పడుకోబెట్టి, చల్లారుతున్న నిప్పుల పైన అరచేతులు చాచి వెచ్చచేసుకుంది.