ఎవరి కోసం ఈ కోత?

లావు తగ్గించే ఆపరేషన్‌ని నేను వ్యతిరేకించను. సుగరు, నిద్రలో ఊపిరాడకపోవడం వంటి బాధలున్నవాళ్ళకి అది ఆయుష్షు పెంచుతుంది. 2022లో అంతర్జాతీయ వైద్యసంఘాలు ఆసియా వాళ్ళకి బీఎంఐ 27.5 నుంచే దాన్ని సూచించవచ్చన్నాయి. నన్ను వేధించే ప్రశ్న వేరు.

మా బంధువులమ్మాయికి సంబంధాలు కుదరడం లేదని స్లీవ్ ఆపరేషన్ చేయించారు. జీర్ణాశయంలో దాదాపు 80 శాతం కోసి తీసేశారు. 'తనే ఒప్పుకుంది కదా' అంటారు పెద్దవాళ్ళు. పెళ్ళిచూపుల్లో ఏళ్ళ తరబడి సిగ్గుపడేలా చేశాక వచ్చిన ఒప్పుకోలు స్వేచ్ఛేనా? అలాగని ఆమె నిర్ణయాన్ని తప్పుపట్టే హక్కు నాకూ లేదు. ఆ శరీరాన్ని మోసింది ఆమే.

ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర గర్భం వద్దంటారు డాక్టర్లు. జీవితాంతం విటమిన్లు, రక్తపరీక్షలు తప్పవు. వేళకి, నెమ్మదిగా, ముందు మాంసకృత్తులు తినాలి. పెళ్ళైన మూడోనెలకే 'విశేషమేమైనా ఉందా?' అనడిగే ఇళ్ళలో, అందరూ తిన్నాక మిగిలింది ఆడవాళ్ళు తినే ఇళ్ళలో ఇదెలా సాగుతుంది?

కోతకి లక్షలు పోసే కుటుంబం ఆమెకి ముందుగా కంచం పెట్టగలదా? బిడ్డ కోసం ఆగగలదా? ఆ బాధ్యత పంచుకోలేనివాళ్ళు ఆమె ఒంటి గురించి మాట్లాడే హక్కునీ వదులుకోవాలి.