దానికి నేనొక వాసన

నన్ను చూసి ఎవరైనా గుర్తుపట్టాలన్న ఆశ నాలో ఎంత లోతుగా పాతుకుపోయిందో మా ఇంటి బంగారు హామ్‌స్టర్ వల్లే తెలిసొచ్చింది. మిరియపు గింజల్లాంటి ఆ కళ్లు ఇటు తిరిగితే చాలు, నన్నే చూస్తోందని పొంగిపోతాను. నిజానికి దానికి దూరపు చూపు తక్కువ. కళ్లు తలకు చెరోవైపు ఉండటంతో చుట్టుపక్కల చాలామేరకు కనబడుతుంది గానీ లోతు అంచనా అందదు. ఎత్తు తెలియక బల్ల అంచు దాటి అడుగేసేస్తుంది, పక్కనే ఉండి కాచుకోవాలి.

దానికి లోకం ముక్కుతోనే మొదలవుతుంది. ఈ హామ్‌స్టర్లు ఒకదాన్నొకటి ఒంటి వాసనలతో విడివిడిగా గుర్తుపెట్టుకుంటాయని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ జాన్‌స్టన్ ప్రయోగాల్లో తేలింది. రెండు డొక్కల మీదా వాసన గ్రంథులుంటాయి. వాటిని గోడలకు రాసి తన జాడ వదులుతుంది. మన చెవికి అందని అతిధ్వనులు వింటుంది. నన్ను అన్నిటికంటే అబ్బురపరిచింది జెనీవాలో పరిశోధకురాలు ఆరియాన్ ఎటియెన్ చూపించిన సంగతి: కటిక చీకట్లో తిండికోసం తిరిగినా, తాను వేసిన మలుపులన్నీ ఒంట్లోనే లెక్కగట్టుకుని గూటివైపు తిన్నగా మళ్లుతుంది.

ఇంత నిండైన లోకంలో నా ముఖానికి చోటెక్కడ? ఈ ప్రశ్న నన్ను నొప్పించింది, ఆ నొప్పిని దాచుకోను. ఇది ఒంటరిగా బతికే జాతి. తోడు కోసం ఎదురుచూసే మనసు దానికి అంటగట్టింది నేనే, ఎదురుచూసేదీ నేనే. అసలు ఇవి మన ఇళ్లకు చేరిన తీరే వేరు: 1930లో సిరియాలోని అలెప్పో దగ్గర పొలంలో బొరియ తవ్వించి, జంతుశాస్త్రవేత్త ఇజ్రాయెల్ ఆహరోని ఒక తల్లినీ పిల్లలనూ పట్టుకున్నాడు, జెరూసలేంలో లీష్మేనియాసిస్ అనే జబ్బు మీద పరిశోధిస్తున్న సాల్ ఆడ్లర్ కోసం. నేటి పెంపుడు బంగారు హామ్‌స్టర్లలో దాదాపు అన్నీ ఆ సంతతే. మనిషి చెంతకు రావాలని వాటిలో ఏదీ కోరుకోలేదు.

గూడు శుభ్రం చేసినప్పుడు పాత పరుపులో కొంత అలాగే ఉంచుతాను. అంతా తీసేస్తే నాకు శుభ్రం, దానికి ఇల్లు పోయినట్టే. చేయి పెట్టే ముందు మెల్లగా మాట్లాడి, అరచేయి కదలకుండా ఉంచి, అది వచ్చి వాసన చూసేదాకా ఆగుతాను. అప్పుడూ లోపల అదే ఆశ కదులుతుంది, నేనేనని తెలిసిందా అని. ఆ ఆశను చంపుకోవాలని లేదు. ఆ ఆశ కోసం దాని పగటి నిద్ర చెడగొట్టి లేపకుండా ఉండటం మాత్రం నా చేతుల్లోనే ఉంది.