చేదు లేని ఉగాదా?

2025లో ఉగాది మార్చి 30న వచ్చింది. టొరాంటోలో ఆనాడు వాకిట్లో ముగ్గుపిండి చల్లవలసిన మేము, జారిపడకుండా ఉప్పు చల్లుకున్నాం!

పచ్చడి బదులు కేకు చేద్దామన్నారు పిల్లలు. సరేనన్నాం. బెల్లం చోట మేపుల్ పాకం పోశాం. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే ఈ రోజుల్లోనే ఆ చెట్టు రసమిస్తుంది. సుమారు 40 లీటర్లు మరిగిస్తే ఒక లీటరు పాకం. ఇక్కడి వసంతానికి అంతకన్న తగిన తీపి ఏముంది?

చిక్కు చేదు దగ్గర వచ్చింది. వేపపువ్వు ఎండబెట్టి పంపే అమ్మ ఇప్పుడు లేదు. సీసా అడుగున చిటికెడు మిగిలింది.

"కేకులో చేదెందుకు?" అంది అమ్మాయి.

నిజమే, కేకులో ఇష్టమైనవే వేస్తాం. పచ్చడిలో ఇష్టంలేనిదీ వేసి, ఇంటిల్లిపాదీ తింటాం. బెల్లానికి మేపుల్ బదులు కావచ్చు. వేపకు మెంతులూ బదులు కావచ్చునంటారు మిత్రులు. చేదు ఏ చెట్టుదన్న పట్టింపు మాకు లేదు. కాని పిల్లలకు నచ్చదని దాన్ని తీసేస్తే, ఏడాదిలో రాబోయేవాటిలో నచ్చినవే తీసుకోవచ్చునని వాళ్లకు చెప్పినట్టు కాదా?

ఆ చిటికెడూ పిండిలో కలిపేశాం. అమ్మాయి ముఖం చిట్లిస్తూనే తన ముక్క తినేసింది; రెండోది అడగలేదు. సీసా ఖాళీ. వచ్చే ఏటికి మెంతులే.