కోడికున్న ప్రేమైనా లేదా?



పిల్లల కోడి జోలికి పోయి ముక్కుపోట్లు తిన్న జ్ఞాపకం మనలో చాలామందికి ఉంటుంది. అయితే ఈ వారం నేను చెప్పబోయేది మన పెరటి కోడి సంగతి కాదు, టర్కీ కోడి సంగతి. మన ప్రాంతంలోనూ అక్కడక్కడ పెంచుతున్నారు గాని, దాని పుట్టినిల్లు ఉత్తర అమెరికా. సుమారు రెండువేల ఏళ్ల క్రితమే మెక్సికో ప్రాంతపు ఆదివాసులు దాన్ని మచ్చిక చేసుకున్నారు.

2018 వేసవిలో కాన్సాస్ రాష్ట్రంలో ఒక పల్లె విచారణ గురువులు సెలవు మీద వెళ్లగా, వారి బదులు నేను మూడు నెలలు అక్కడ ఉన్నాను. ఎటు చూసినా గోధుమ పొలాలు, పగలూ రాత్రీ ఆగని గాలి. గుడికి మైలు దూరంలో ఒక వృద్ధ దంపతులు 'బ్రాంజ్' అనే పాత జాతి టర్కీలను పెంచుతున్నారు. సాయంత్రం పూట నాకు అక్కడికి నడిచి వెళ్లడం అలవాటైంది.

పాత జాతి అని ఎందుకు అంటున్నానంటే, ఆ దేశంలో ఇప్పుడు అంగళ్లకు వచ్చే టర్కీ వేరు. తెల్లనిది, రొమ్ము మాంసం కోసం తీర్చిన జాతి. దాని బరువుకు పుంజు పెట్టతో జతకట్టలేదు. మనుషులే కృత్రిమ గర్భధారణ చేయించాలి. గుడ్లు యంత్రంలో పొదుగుతాయి, పిల్లలు దీపపు వేడిలో పెరుగుతాయి. కోట్ల పక్షులు తల్లి రెక్క ఎరుగకుండానే పుట్టి, పెరిగి, పోతున్నాయి. 1997లో లెక్క తీస్తే దేశం మొత్తం మీద సంతానం కోసం ఉంచిన పాత జాతి పక్షులు 1,335 మాత్రమే తేలాయట. ఆ తరువాత కొందరు రైతులు పట్టుబట్టి వాటి సంఖ్యను పెంచారు. నేను చూసినవి అలా నిలిచిన వంశానివే.

పెట్ట 28 రోజులు పొదుగుతుంది. ఆ రోజుల్లో మేతకూ నీళ్లకూ కాసేపు లేస్తే లేచినట్టు, లేకపోతే లేదు. గుడ్లను ముక్కుతో దొర్లించి అటూ ఇటూ తిప్పుకుంటుంది. చివరి రోజుల్లో గుడ్డులోంచి పిల్ల సన్నగా కూస్తే తల్లి గొంతులోనే గురగురమంటూ బదులు పలుకుతుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకముందే మాటలు కలుపుకుంటున్నారన్నమాట! అన్నీ ఒకే గడియలో పుట్టవు. ముందు పుట్టినది పొట్టలో మిగిలిన పచ్చసొనతో రెండు రోజులు గడపగలదు కనుక, తల్లి తొందరపడి లేవదు. కడపటి గుడ్డు పగిలేదాకా కూర్చునే ఉంటుంది.

పుట్టిన కొత్తలో ఆ పిల్లలు తమ ఒంటి వేడిని తాము నిలుపుకోలేవు. పొద్దున మంచుతో తడిసిన గడ్డిలో కాసేపు తిరిగితే చాలు, వణుకుతూ వచ్చి తల్లి కింద దూరతాయి. తల్లి రెక్కలు కాస్త ఎడంగా పెట్టి, ఒళ్లంతా వదులు చేసుకుని కూలబడుతుంది. ఈకల మధ్యనుంచి అక్కడొక తల, ఇక్కడొక తల. పైన గద్ద నీడ కదిలితే తల్లి ఒక్క అరుపు అరుస్తుంది, పిల్లలన్నీ ఎక్కడివక్కడ రాళ్లయిపోతాయి. ఆ పొలంలో రెండు పెట్టలు పక్కపక్కనే పొదిగి పిల్లల్ని కలిపేసుకున్నాయి. ఏ పిల్ల ఎవరిదో ఆ పెట్టలకే పట్టలేదు. ఏ రెక్క దగ్గరగా ఉంటే దాని కిందకు చేరేవి.

ఒక సాయంత్రం నేను మైమరచి చూస్తుంటే ఆ పెద్దాయన, "ఫాదర్, ఈ పెట్టకు చెవులు వినపడకపోతే ఈ పిల్లల్ని చంపేస్తుంది, తెలుసా?" అన్నారు. హాస్యమనుకున్నాను. కాదు. 1960లో వోల్ఫ్‌గాంగ్ ష్లైట్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి ప్రచురించిన విషయం అది. వినికిడి పోగొట్టిన టర్కీ పెట్టలు గుడ్లను మామూలుగానే పొదిగాయి. పిల్లలు బయటికి రాగానే చాలావరకు తమ పిల్లల్ని తామే పొడిచి చంపాయి. కారణం ఇది: గూడు దగ్గర కదిలే ప్రతిదాన్నీ తల్లి శత్రువుగానే ఎంచుతుంది. ఆ కోపాన్ని ఆపేది పిల్ల కూత ఒక్కటే. మరో ప్రయోగంలో ముంగిసను పోలిన వేటజంతువు బొమ్మలో పిల్ల కూతలు వినిపించే యంత్రం పెడితే, పెట్ట దాన్ని కూడా రెక్క కింద చేర్చుకుందట. కూత ఆగితే మళ్లీ పొడిచిందట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పట్టకపోవడానికి కారణం టర్కీ కాదు.

గురుపట్టం పొందిన కొత్తలో, కృష్ణా డెల్టాలో ఒక విచారణలో ఉండగా, ఆదివారం పూజ తరువాత ఒక బాలింతరాలు గుడి అరుగు దగ్గర ఆగింది. (ఇది పాపసంకీర్తనంలో విన్న మాట కాదు. ఆమె అనుమతితోనే రాస్తున్నాను.) "ఫాదరుగారూ, బిడ్డను చూస్తే నాకేమీ అనిపించడం లేదండీ. ఏడుస్తుంటే వినపడుతుంది, అంతే. నేను పాపం చేస్తున్నానా?" అని అడిగింది. నా వయసు అప్పుడు ముప్పైకి లోపు, చేతిలో తత్వశాస్త్రం పట్టా. "కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గదమ్మా! నోరులేని కోడికున్న ప్రేమైనా తల్లికి లేకపోతుందా? ప్రార్థన చేసుకో, అదే వస్తుంది" అని పంపేశాను. ఆమె తల వంచుకుని వెళ్లింది. సరిగానే చెప్పాననుకుని భోజనానికి వెళ్లాను.

ఇప్పుడు వైద్యులు దానికి పేరు చెబుతారు. ప్రసవించిన స్త్రీలలో వందకు సుమారు 13 మందికి మానసిక రుగ్మత, ముఖ్యంగా కుంగుబాటు, వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. చికిత్స ఉంది. నేను ఆమెను డాక్టరు దగ్గరకు పంపవలసింది. పంపలేదు.

అయితే నా తప్పు తెలియనితనం ఒక్కటే కాదు. ప్రేమంటే ఏమిటన్న దగ్గరే తప్పాను. గురువిద్యాలయంలో పునీత అక్వినాసు తోమాసుగారిని చదివాం. పక్షి గడ్డిపోచ ఏరుకునేది అది కంటికి ఇంపుగా ఉందని కాదు, గూటికి పనికి వస్తుందని. ఆ ఎరుక దానికి స్వభావంలోనే పెట్టబడింది అంటారాయన. ష్లైట్ చూపింది ఆ ఎరుక ఏ వాకిలిగుండా వస్తుందో మాత్రమే. వాకిలి మూసుకుపోతే తల్లికి పిల్ల తెలియదు. చెవిటి పెట్ట హంతకురాలు కాదు, చెవులున్న పెట్ట పుణ్యాత్మురాలూ కాదు. "అదంతా ఒక మరలాంటిది, ప్రేమా లేదు గీమా లేదు" అని కొందరు కొట్టిపారేస్తారు. నేను అలా అనను. నాకు ఆ కూలబడిన ఒళ్లు, ఎడమైన రెక్కలు ఇప్పటికీ కంటి ముందు ఉన్నాయి. కాని ఆ పెట్టను మెచ్చుకునే మాటతో ఒక మనిషిని నిందించకూడదని మాత్రం ఇప్పుడు తెలిసింది.

ఎందుకంటే అదే తోమాసుగారు, అరిస్టాటిల్ మాటను ఒప్పుకుంటూ, ప్రేమించడమంటే ఎదుటివారికి మేలు కోరడమని చెప్పారు. మేలు కోరడం సంకల్పం చేసే పని. హృదయం పొంగినా పొంగకపోయినా అది చేయవచ్చు. మత్తయి సువిశేషం 23వ అధ్యాయంలో ప్రభువు యెరూషలేమును చూసి తన్ను కోడితో పోల్చుకున్నప్పుడు కూడా, రెక్కల కింద చేర్చుకోవాలని తాను కోరానన్నాడు, వారు కోరలేదన్నాడు. రెండు చోట్లా మూలభాషలో ఒకే క్రియ. ఇన్నేళ్లూ ఆ వచనం మీద ప్రసంగించి, రెక్కల గురించే చెప్పాను గాని ఆ క్రియను గమనించలేదు.

మరి ఆ బాలింతరాలు ఏం చేసింది? తిరిగి వచ్చాక నేను వెతుక్కుంటూ ఆ ఊరు వెళ్లాను. నన్ను గుర్తుపట్టింది. క్షమించమని అడిగితే ముందు ఆమెకు అర్థం కాలేదు, తరువాత కళ్ల నీళ్లు పెట్టుకుంది. "గడియారం చూసి పాలు ఇచ్చేదాన్నండీ. ఏడుపు విని లేవడం కాదు, టైమయిందని లేవడం. స్నానం, నిద్ర, మందు, అన్నీ అలాగే. దీన్ని ప్రేమంటారా అని ఎవరినీ అడగలేకపోయాను. మీరు కోడి అన్నాక అసలు అడగలేదు" అంది. అయిదు నెలలకు అది తనంతట తానే తగ్గిందట. అందరికీ అలా తగ్గదు. ఆ పిల్ల ఇప్పుడు గుంటూరులో నర్సుగా పనిచేస్తోంది.

పిల్ల కూత వినపడని కోడి చంపింది. ఏడుపు వినపడినా లోపల ఏమీ కదలని ఈమె రాత్రి రెండింటికి లేచి పాలు పట్టింది. ఈమెను ఆ కోడి కంటే తక్కువ చేసి మాట్లాడిన నోరు నాదే.

నేను కాన్సాసు పెట్టల సంగతి, రెండూ పిల్లల్ని కలిపేసుకున్న సంగతి చెప్పాను. ఆమె నవ్వింది. "మా తోడికోడలూ అంతేనండీ. దానికీ నాలుగు నెలల పిల్లాడు. రాత్రిళ్లు మా పిల్లను కూడా పక్కలో వేసుకునేది. ఎవరి పాలు ఎవరు తాగారో ఇప్పటికీ లెక్క తేల్లేదు" అని, గోడ అవతలికి చూసి, "అక్కా, ఫాదరుగారొచ్చారు, కాస్త టీ పెట్టవా!" అని కేకేసింది.